కొబ్బరితోటల మధ్య వాతావరణ కేంద్రం: తేమ, వాన, గాలి, మబ్బుల ప్రాజెక్టు డైరీ

కోనసీమలో ఇంటి దగ్గర వానా గాలీ కొలుద్దామనుకునేవాళ్లకి ఇబ్బంది పరికరాల దగ్గర రాదు, చోటు దగ్గర వస్తుంది. ఏ పాఠ్యపుస్తకమైనా "అడ్డులేని ఖాళీ స్థలంలో ఉంచవలెను" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఇక్కడ ఇల్లంటే చుట్టూ కొబ్బరి, కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద. అడ్డులేని స్థలం చేలల్లో తప్ప లేదు. ఈ డైరీలో సగం ఆ గొడవే.

నాది అల్లవరం వైపు ఊరు. మోటారు వైండింగ్ షాపు ఉంది కాబట్టి బేరింగులు, తీగలు, 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ చేతికందుతాయి. మిగతా సామాను అమలాపురంలో దొరికేదే. కొలతలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. ధరలు మాత్రం నేను కొన్నప్పటివి.

వాన రీడింగు ఎప్పుడూ పొద్దున్న 8:30కి. మన వాతావరణ శాఖ ఆ గంట నుంచి మర్నాడు అదే గంట దాకా ఒక రోజు కింద లెక్కేస్తుంది. వేరే టైము పెట్టుకుంటే మన అంకెని పేపర్లో వచ్చే అంకెతో పోల్చడం కుదరదు.

దశ 1: ఉక్కపోత (రోహిణి కార్తె)

ముందు 300 రూపాయల డిజిటల్ తేమ మీటరు తెచ్చాను. తెల్లవారుజామున 99 దగ్గర కదలకుండా కూర్చునేది, మధ్యాహ్నం 71 చూపించేది. ఎండకి పెరట్లో వడియాలు గలగలలాడుతుంటే 71 ఏమిటని ఉప్పు పరీక్ష పెట్టాను.

1. మూత గట్టిగా పట్టే డబ్బాలో చిన్న గిన్నె, అందులో రెండు చెంచాల ఉప్పు.
2. ఉప్పు తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కచుక్కగా నీళ్లు. మొత్తం కరిగిపోకూడదు.
3. మీటరు లోపల పెట్టి, మూత వేసి, రాత్రంతా నీడలో ఉంచాలి.
4. పొద్దున్నకి 75 చూపించాలి. తప్పితే ఆ తేడానే సవరణ.

కళ్లుప్పుతో 80 వచ్చింది, ప్యాకెట్ ఉప్పుతో 84. ఈ పరీక్షకి ప్యాకెట్ ఉప్పే వాడాలి. కళ్లుప్పులో మెగ్నీషియం లవణాలు మిగిలి ఉంటాయి, అవి డబ్బాలో తేమని ఇంకాస్త కిందకి లాగుతాయి. అంటే మీటరు 75 దగ్గర 9 ఎక్కువ చెబుతోంది. పొడి గాలిలో ఆ తేడా ఇంకా పెరుగుతోంది. ఒక్క అంకె తీసేస్తే సరిపోయేలా లేదని తడి, పొడి థర్మామీటర్లకి మారాను. ఒకదానికి తడిగుడ్డ, రెండోది పొడిగా. గుడ్డలో నీరు ఆవిరై తడిది చల్లబడుతుంది, ఎంత చల్లబడిందన్నదే తేమ లెక్క.

1. ల్యాబ్ సామాను అమ్మే షాపులో రెండు స్పిరిట్ థర్మామీటర్లు.
2. దంచిన ఐసులో కాసిని మంచినీళ్లు పోసి, రెండూ ముంచి సున్నా చూసుకోవాలి. ఒకటి 0.0 చూపించింది, రెండోది 0.6. రెండోదాని మీద "0.6 తీసెయ్" అని స్టిక్కరు అంటించాను. చేపల బండి దగ్గర ఐసు తేవద్దు. ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే కిందకి పోతుంది, మంచి థర్మామీటరు కూడా తప్పుగా కనిపిస్తుంది.
3. ఒకదాని బుడ్డికి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొసని నీళ్ల సీసాలో వదలాలి.

ఆ గుడ్డే ఎక్కువ ఏడిపించింది. కొత్త మల్లుగుడ్డకి గంజి ఉంటుంది, నీళ్లు పైకి పీల్చదు. వాషింగ్ సోడా వేసి ఉడకబెట్టాక పీల్చింది. తర్వాత నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పన. కొన్నాళ్లకి గుడ్డ మీద తెల్లటి పొర కట్టి, తడి థర్మామీటరు 0.9 డిగ్రీలు ఎక్కువ చూపించడం మొదలెట్టింది. ఉప్పు పట్టిన గుడ్డ నుంచి నీరు తేలిగ్గా ఆవిరవదు, ఆవిరి తగ్గితే చల్లదనమూ తగ్గుతుంది, లెక్కలో తేమ పెరిగినట్టు వస్తుంది. గుడ్డ మార్చి బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్టాను. వానలు పట్టాక రెయిన్ గేజిలో (వాన కొలిచే డబ్బా, దశ 2లో వస్తుంది) పడ్డ నీళ్లే వాడుతున్నాను.

తర్వాత గాలి. చెట్ల కింద గాలి కదలదు. తడిగుడ్డ చుట్టూ దాని ఆవిరే నిలబడిపోయి థర్మామీటరు పూర్తిగా దిగదు. పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి బ్యాటరీకి కలిపి, గాలిని థర్మామీటర్ల మీదుగా లాగేలా బిగించాను. పొడి 32.0 ఉన్నప్పుడు ఫ్యాను లేకుండా తడి 27.6, ఫ్యాను వేశాక 26.8. తేమలో చెప్పాలంటే 71 శాతం కాస్తా 67 అయింది.

లెక్క ఇలా. గాలి మోయగలిగిన ఆవిరి పీడనం హెక్టోపాస్కళ్లలో (పీడనాన్ని కొలిచే ప్రమాణం): 22 డిగ్రీలకి 26.4, 24కి 29.8, 26కి 33.6, 28కి 37.8, 30కి 42.4, 32కి 47.6, 34కి 53.2, 36కి 59.4. తడి డిగ్రీకి ఎదురుగా ఉన్న అంకెలోంచి, పొడికీ తడికీ ఉన్న తేడాని 0.67తో గుణించి తీసేయాలి. వచ్చినదాన్ని పొడి డిగ్రీకి ఎదురుగా ఉన్న అంకెతో భాగిస్తే తేమ. పొడి 32, తడి 26 అనుకోండి: 33.6 లోంచి 4.0 పోతే 29.6, దాన్ని 47.6తో భాగిస్తే 62 శాతం. 0.67 అనేది ఫ్యాను ఉన్నప్పటి గుణకం. ఊరికే గాలికి వదిలేస్తే 0.8 వాడాలి.

ఈ లెక్క చేతికొచ్చాక ఉదయం 95 శాతం, మధ్యాహ్నం 60 శాతం అన్న అంకెల మీద అభిప్రాయం మారిపోయింది. 25 డిగ్రీల దగ్గర 95 శాతమన్నా, 33 డిగ్రీల దగ్గర 60 శాతమన్నా ఆవిరి పీడనం 30 హెక్టోపాస్కళ్లే. ఘనపు మీటరు గాలిలో ఇంచుమించు 22 గ్రాముల నీరు, రెండు పూటలా అంతే. మధ్యాహ్నానికి గాలి ఎండిపోదు, వేడెక్కి ఇంకా మోయగలిగే స్థితికి వస్తుంది, అంతే. అందుకే ఇప్పుడు పుస్తకంలో శాతం పక్కన ఆవిరి పీడనం కూడా రాస్తున్నాను.

గాలి నిజంగా మారిపోయిన రోజు దాన్ని చూస్తేనే తెలుస్తుంది. వడగాలి కొట్టిన ఒక రోజు పేజీ ఇది. దిక్కు చూడటానికి వెదురు కర్రకి రిబ్బను కట్టాను.

- మధ్యాహ్నం 12:00. గాలి పడమర. పొడి 41.0, తడి 25.0. తేమ 27. ఆవిరి 21.
- 2:05. రిబ్బను వేలాడిపోయింది. గాలి లేదు.
- 2:15. రిబ్బను తిరిగింది. దక్షిణ ఆగ్నేయం.
- 2:40. పొడి 35.0, తడి 28.5. తేమ 61. ఆవిరి 34.5.

అది సముద్రపు గాలి. నేల వేడెక్కి దాని మీది గాలి లేచిపోతే ఆ చోటులోకి సముద్రం మీది బరువైన చల్లగాలి జొరబడుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున దానికి దారి దొరకదు, ఆ రోజే ఒళ్లు కాలిపోతుంది. ఇక్కడ అరగంటలో ఆరు డిగ్రీలు తగ్గాయి, కానీ చొక్కా అప్పుడే తడిసి ఒంటికి అంటుకుంది. అప్పటిదాకా చెమట పట్టినట్టే ఆరిపోయేది. ఆవిరి 34కి చేరాక ఆరడం మానేసింది.

థర్మామీటర్ల గూడు సంగతి చిన్నది. తెల్ల రంగేసి కన్నాలు పెట్టిన నూనె డబ్బా మధ్యాహ్నం 38.6 చూపించింది, అదే సమయానికి నీడలో ఫ్యాను గాలికి 35.1. రేకు తనే వేడెక్కి లోపలికి వేడి పంపిస్తోంది. దాన్ని తీసేసి, తెల్ల ప్లాస్టిక్ కుండీ పళ్లాలు పది బోర్లించి, మూడు మర కడ్డీల మీద ఒకదాని కింద ఒకటి, మధ్య 15 మి.మీ. సందు ఉంచి బిగించాను. చూడటానికి ఉత్తరం వైపు నుంచి చేయి పెట్టాలి, ఏడాది మొత్తం మీద ఎండ ఆ వైపు నుంచి తక్కువ పడుతుంది.

చోటు: తోటలో పెడితే మధ్యాహ్నం 1.8 డిగ్రీలు తక్కువ, తేమ ఏడెనిమిది శాతం ఎక్కువ. సిమెంటు వాకిట్లో ఒక డిగ్రీ ఎక్కువ. చివరికి మా బాబాయి చేను మొదట్లో, గడ్డి ఉన్న వెడల్పాటి గట్టు మీద, నేలకి నాలుగడుగుల ఎత్తున పాతాను.

"ఏరా అబ్బాయ్, పళ్లాలన్నీ కర్రకి గుచ్చావు, దిష్టికా?" అన్నాడు బాబాయి. ఆయనకి ఇందులో పనికొచ్చింది ఒక్కటే: కళ్లంలో ధాన్యం. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమకి పరిమితి 17 శాతం. మధ్యాహ్నం పొడికీ తడికీ తేడా 3 డిగ్రీల లోపు ఉన్న రోజు ఎంత తిరగేసినా గింజ ఆరదని మా కళ్లంలో రెండు పంటలకీ చూశాం. తేడా 6 దాటిన రోజు కూలీలని పిలుస్తాడు.

ఖర్చు: థర్మామీటర్లు 300, పళ్లాలు 250, కడ్డీలు నట్లు 120, ఫ్యాను 150, డిజిటల్ మీటరు 300. ఇప్పటికి 1,120.

దశ 2: రెయిన్ గేజి (మృగశిర నుంచి పుష్యమి దాకా)

1. 160 మి.మీ. పీవీసీ పైపు, అడుగు ముక్క. ప్లంబర్ల దగ్గర మిగులు ముక్కలు ఉంటాయి.
2. అంచుని బయటివైపు నుంచి ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. అంచు మందంగా ఉంటే దాని మీద పడ్డ చినుకు లోపలికా బయటికా అన్నది తేలదు.
3. అంచుకి నాలుగంగుళాల లోతులో గరాటు దించి ఎం-సీల్ పెట్టాలి. పైకి ఉంటే పెద్ద చినుకులు ఎగిరి బయటికి పోతాయి.
4. గరాటు కింద సన్నమూతి సీసా. వెడల్పు మూతి పెడితే మధ్యాహ్నానికి ఎంతో కొంత ఆవిరైపోతుంది.
5. అంచు నేలకి 30 సెం.మీ. ఎత్తున, స్పిరిట్ లెవెల్ పెట్టి సమంగా.

పైపు గుండ్రంగా ఉంటుందని నమ్మకండి. లోపలి అడ్డుకొలత ఒక వైపు 151, దానికి అడ్డంగా 153. సగటు 152 మి.మీ. తీసుకుంటే నోరు 181.5 చదరపు సెం.మీ. అంటే 1 మి.మీ. వానకి 18.15 మి.లీ. నీళ్లు. వాతావరణ శాఖ వాడే రకాల్లో ఒకదానికి నోరు 200 చదరపు సెం.మీ., మనది దానికి దగ్గరే.

కొలజాడీ కొనకండి. వంటింటి డిజిటల్ కాటా చాలు. ఒక మి.లీ. నీరు ఒక గ్రాము. సీసా బరువు తీసేసి మిగిలిన గ్రాముల్ని 18.15తో భాగించడమే. గ్రాము దాకా చూపించే కాటా మీద 0.1 మి.మీ. వాన కూడా తెలుస్తుంది.

పరీక్షకి 500 గ్రాముల నీళ్లు పోస్తే 496 దిగాయి. నాలుగు గ్రాములు గరాటుకే అంటుకున్నాయి. అది 0.2 మి.మీ. పెద్దవానకి లెక్కలోకి రాదు గానీ తుంపర పడ్డ రోజు మొత్తం అంకే 0.4 ఉంటుంది. గరాటు లోపల కొవ్వొత్తి రుద్దితే నష్టం రెండు గ్రాములకి తగ్గింది. మైనం ఎండకి పోతుంది, అప్పుడప్పుడు మళ్లీ రుద్దుకోవాలి.

ఒకే కొలతతో మూడు గేజులు చేశాను, అసలు పరీక్ష కోసం. ఒకటి తోటలో, ఒకటి డాబా మీద, ఒకటి చేను గట్టు మీద. నియమం ప్రకారం అడ్డు ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరంలో గేజి ఉండాలి. మా కొబ్బరిచెట్లు 15 మీటర్లు. ముప్పై మీటర్ల దూరం జరిగితే పక్కవాళ్ల తోటలోకి వెళ్తాను.

ఆరుద్రలో పడ్డ మొదటి మంచి వానకి చేను 31.2, డాబా 27.9, తోట 21.4. ఇది అర్థమయ్యేదే, చెట్టు తల కొంత నీటిని పట్టేసుకుంటుంది. కానీ ఇంకో వానకి తోట గేజిలో 44 వచ్చింది, చేలో 31 దాటలేదు. వాన పడుతుండగా గొడుగేసుకుని వెళ్లి చూశాను. ఒక మట్ట వంగి, దాని ఈనెల నీళ్లన్నీ కొస దగ్గర కలిసి, ధారగా సరిగ్గా గేజి నోట్లో పడుతున్నాయి. గేజి రెండడుగులు జరిపితే మర్నాటి వానకి చేను అంకె కంటే 12 తక్కువ. తోటలో గేజికి ఒక సవరణ శాతం కనిపెట్టి వాడుకోవచ్చేమోనన్న ఆశ ఆ రోజుతో వదులుకున్నాను. మట్ట రాలినప్పుడల్లా ఆ శాతం మారుతుంది.

డాబా సంగతి వేరు. అక్కడ నెత్తిన మట్టలు లేవు, కానీ గాలి పిట్టగోడకి కొట్టుకుని పైకి లేస్తుంది, సన్న చినుకుల్ని గేజి మీదుగా అవతలికి విసిరేస్తుంది. ముసురు పట్టి గాలి కూడా ఉన్న రోజు తేడా ఎక్కువ, గాలి లేకుండా కుండపోత పడిన రోజు తేడా దాదాపు లేదు.

జూన్, జూలై కలిపి: చేను 283.6, డాబా 251.3, తోట 214.9. డాబా 11 శాతం తక్కువ, తోట 24 శాతం తక్కువ. చేలో చోటు లేనివాళ్లు డాబా మీద పెట్టుకోండి, పిట్టగోడకి దూరంగా మధ్యలో. తోటలో మాత్రం పెట్టకండి.

వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడితేనే అది వాన పడ్డ రోజు. 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. బాబాయికి ఈ పేర్లతో పనిలేదు. ఆయన కోసం ఇంకో గీత గీశాను: ఎకరం మీద 1 మి.మీ. అంటే 4,047 లీటర్లు. అరవై పడితే ఎకరానికి 2 లక్షల 40 వేల లీటర్లు, అదంతా మా మురుగు కాలవ తూము లోంచే పోవాలి. ఆ కాగితం ఆయన నీటి సంఘం మీటింగుకి పట్టుకెళ్లాడు.

జూలైలోనే ఒక సంగతి. గోదావరి లంకలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి, గట్టు మీదకి నీళ్లొచ్చేస్తున్నాయి, నీ డబ్బాలో ఎంత పడిందని అడిగారు. ఆ వారం నా గేజిలో 6 మి.మీ. లేదు. గోదావరి వరద మన మీద పడ్డ వాన కాదు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పడ్డ వాన భద్రాచలం మీదుగా దిగి ధవళేశ్వరం చేరుతుంది. దానికి చూడాల్సింది బ్యారేజీ దగ్గర మట్టం: 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గేజి పుస్తకంలో ఆ మట్టానికి ఒక గడి కలిపాను.

ఖర్చు: పైపులు 240, గరాట్లు 180, ఎం-సీల్ 40, కాటా 350. ఈ దశకి 810. ఇప్పటికి 1,930.

దశ 3: గాలి (ఆశ్లేష, మఖ)

గాలిమీటరుకి గాలి తగిలి తిరిగే గిన్నెలు కావాలి. మా ఊళ్లో ఎక్కడ చూసినా ఉండేవి కొబ్బరి చిప్పలే కాబట్టి వాటితోనే మొదలెట్టాను. మూడు చిప్పలు అరగదీసి కాటా మీద పెడితే 41, 46, 52 గ్రాములు. బరువు సమం చేయడానికి మైనం పూసినా తిరిగేటప్పుడు స్తంభం ఊగిపోయేది. పైగా అరటాకులు గట్టిగా ఊగేదాకా కదిలేవి కావు, కదిలాక గాలి ఆగిపోయినా తిరుగుతూనే ఉండేవి. పిల్లల ప్లాస్టిక్ బంతులు రెండుగా కోసి మూడు ముక్కలు వాడాను. ఒక్కోటి 9 గ్రాములు. ఇరుసు నుంచి గిన్నె మధ్యకి 10 సెం.మీ.

బేరింగులో వచ్చే గ్రీజు చిన్న గాలికి తిరగనివ్వదు. కిరోసిన్‌తో కడిగేసి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను.

తిరుగుళ్లు లెక్కపెట్టడానికి సైకిల్ డిజిటల్ మీటరు. చక్రానికి పెట్టే అయస్కాంతం ఇరుసుకి, రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరకి రాగానే కలిసేది) స్తంభానికి. ఇందులో ఒక సుఖం ఉంది, కింద చెబుతాను.

క్రమాంకనం (ఎన్ని తిరుగుళ్లకి ఎంత వేగమో తేల్చుకోవడం):

1. తెల్లవారుజామున, ఆకు కదలనప్పుడు, కాలవ గట్టు రోడ్డు మీద.
2. మోటార్ సైకిల్ ముందు ఆరడుగుల వెదురు నిలబెట్టి పైన మీటరు. బండికీ మనిషికీ తగిలి చీలిన గాలి దాని మీద పడకూడదు.
3. బండి స్పీడోమీటరు కాదు, ఫోన్లో జీపీఎస్ వేగం చూడాలి. వెనక కూర్చున్నవాళ్లు రాసుకోవాలి.
4. ప్రతి వేగానికీ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి. రెండింటి సగటు తీస్తే ఉన్న కాస్త గాలీ కొట్టుకుపోతుంది.

గంటకి 20 కి.మీ. దగ్గర సెకనుకి 3.0 తిరుగుళ్లు, 30 దగ్గర 4.6, 40 దగ్గర 6.2. గీత గీస్తే: వేగం = 1.5 + 6.2 × తిరుగుళ్లు. సుఖం ఇదే. సైకిల్ మీటరులో చక్రం చుట్టుకొలత అడుగుతుంది కదా, అక్కడ 1722 మి.మీ. అని నొక్కితే సెకనుకి ఒక తిరుగుడు 6.2 కి.మీ.గా తెర మీదే పడుతుంది. చదివేటప్పుడు 1.5 కలుపుకుంటే చాలు. మీటరు గుర్తుపెట్టుకునే "గరిష్ఠ వేగం" మనకి ఈదురుగాలి రికార్డు అవుతుంది. బంతులు, దూరం మారితే ఈ 1722 మీకు పనికిరాదు, మీ బండి మీద మీరు పరీక్ష చేసుకోవాల్సిందే.

మళ్లీ చోటు. ఒకే పడమటి గాలి, అదే గంటలో: తోటలో మనిషెత్తున 3 కి.మీ., డాబా మీద 9, చేలో ఆరు మీటర్ల స్తంభం మీద 19. డాబా ఎత్తు స్తంభం కంటే ఎక్కువే, కానీ చుట్టూ కొబ్బరి తలలు దానికంటే పైనే ఉన్నాయి. కాబట్టి ఎత్తొక్కటే చాలదు. ప్రమాణం ప్రకారం గాలిని 10 మీటర్ల దగ్గర కొలవాలి. ఆరు మీటర్ల అంకెకి ఏడెనిమిది శాతం కలిపితే దాదాపు సరిపోతుంది. అడ్డులేని చేలకే ఆ లెక్క.

గాలికోడికి తోక పెద్దదిగా, ముక్కు బరువుగా ఉండాలి. ముక్కు చూపించేది గాలి వస్తున్న వైపు. ఉత్తరం కుదర్చడానికి ఫోన్ కంపాస్ పెడితే స్తంభం పక్కన ఒకటి చూపించింది, నాలుగడుగుల అవతల ఇంకోటి. జీఐ పైపు ఇనుమే మరి. రాత్రి చేలోకి వెళ్లి ధ్రువ నక్షత్రంతో సరిచేశాను. ఇక్కడ అది ఆకాశం అంచుకి పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, తోటలోంచి కనబడదు.

ఖర్చు: జీఐ పైపు 1,400, సైకిల్ మీటరు 400, క్లాంపులు 200, బేరింగులు 60, బంతులు 60. ఇప్పటికి 4,050.

దశ 4: మబ్బులు (పుబ్బ, ఉత్తర)

పరికరం తక్కువ, ఓపిక ఎక్కువ. బండికి పెట్టే కుంభాకార అద్దం గట్టు మీద వెల్లకిలా పెట్టి, దాని మీద మార్కరుతో ఎనిమిది భాగాలు గీశాను. ఎన్ని భాగాలు మబ్బుంటే అంత అంకె. సున్నా అంటే తేట ఆకాశం, ఎనిమిదంటే మొత్తం మూసుకుంది. వాతావరణ కేంద్రాల్లోనూ ఎనిమిది భాగాలకే లెక్క.

పేర్లకి 1802లో లూక్ హోవార్డ్ అనే ఇంగ్లిష్ ఆయన చేసిన వర్గాలే ఇప్పటికీ ఆధారం: సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్. దూది పింజల్లాంటివి మొదటివి, మంచు ముక్కలతో ఉంటాయి, వాటి నుంచి మనదాకా చినుకు రాదు. కుప్పలుగా లేచేవి రెండోవి. ముసురు పట్టించే పరుపు మూడోది.

కుప్ప మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉందో దశ 1 అంకెలతోనే చెప్పవచ్చు. ఉన్న ఆవిరి ఏ డిగ్రీ దగ్గర నిండిపోతుందో పట్టికలో వెతకాలి, అది మంచు పట్టే ఉష్ణోగ్రత. పొడి 32, ఆవిరి 29.6 అయితే అది 24కి కాస్త కింద. తేడా 8 డిగ్రీలు. డిగ్రీకి 125 మీటర్ల చొప్పున మబ్బు అడుగు ఒక కిలోమీటరు ఎత్తులో. వేడి గాలి లేచే కొద్దీ చల్లబడి, ఆ ఎత్తులో ఆవిరి చుక్కలు కడుతుంది. అందుకే అన్ని కుప్పల అడుగులూ ఒకే మట్టంలో, గీత గీసినట్టు ఉంటాయి. వడగాలి రోజుల్లో ఇదే లెక్క రెండున్నర కిలోమీటర్లు దాటేది.

వాన ఇచ్చినవీ ఇవ్వనివీ విడిగా రాశాను. అడుగుభాగం వెడల్పు కంటే ఎత్తు తక్కువగా ఉన్న కుప్పలు ఒక్కటీ కురవలేదు. తల గోబీపువ్వులా కాక, పైన చదునుగా పరుచుకుని దాగలిలా అయితే అది క్యుములోనింబస్, ఉరుముల మబ్బు. అది వాయవ్యంలో కనిపిస్తే పశువులని తోలుకొచ్చేస్తారు. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లని మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో. పది లోపు వస్తే స్తంభం దగ్గరకి వెళ్లవద్దు, రీడింగు పోతే పోయింది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల పిడుగుల హెచ్చరిక యాప్ దామిని కూడా పెట్టుకున్నాను.

అద్దం 120. ఖర్చు ఇప్పటికి 4,170. చేను గేజి సెప్టెంబరు చివరికి 603.4 మి.మీ.

దశ 5: వాయుగుండం వారం (చిత్త)

ఫోన్లో పీడనం చూపించే సెన్సారు ఉంటే అది ఉచితంగా వచ్చిన బారోమీటరు. చిక్కేమిటంటే మన ప్రాంతంలో పీడనం రోజూ తనంతట తానే ఊగుతుంది. పొద్దున్న పది, రాత్రి పది ప్రాంతాల్లో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతాల్లో తక్కువ. తేడా మూడు నాలుగు హెక్టోపాస్కళ్లు. ఇది తెలియక షాపుకొచ్చే కుర్రాడొకడు ఒక సాయంత్రం "పడిపోతోందండీ, తుఫానేనండీ" అని టెన్షన్ పెట్టేశాడు. నిన్న ఇదే గంటకి ఎంత, ఇవాళ ఎంత అని మాత్రమే పోల్చాలి. ఆ లెక్కలో నా పుస్తకంలో మామూలు రోజులకి తేడా 1 లోపే.

అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చినప్పుడు ఈ తేడా వరసగా -1.2, -2.9, -4.6 అయింది. గాలికోడి ఈశాన్యానికి తిరిగి అక్కడే నిలబడింది. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది, మన అర్ధగోళంలో తుఫాను అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి. ఈశాన్యపు గాలికి వీపు పెడితే ఎడమచెయ్యి ఆగ్నేయానికి, అంటే సముద్రం వైపు. తర్వాత ముక్కు తూర్పుకి, ఆ పైన ఆగ్నేయానికి జరిగింది. అంటే అది మనకి దక్షిణంగా దాటుతోంది. ఉత్తరంగా దాటి ఉంటే వాయవ్యం, పడమరల మీదుగా తిరిగేది.

ఇక్కడివాళ్లకి 1996 నవంబరు 6 తుఫాను గుర్తు చేయక్కర్లేదు, ఆ రాత్రి పోయిన కొబ్బరితోటల లెక్క ఇంకా చెప్పుకుంటారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గరే తీరం దాటింది. మా పైపు స్తంభం వాటిని కొలవడానికి చేసింది కాదు. హెచ్చరిక రాగానే గాలిమీటరు దింపేసి, గేజి మాత్రం ఉంచాను. తుఫాను ఎక్కడుందో మచిలీపట్నం, విశాఖ రాడార్ల బొమ్మల్లో చూసుకోవాలి, ఇంటి పరికరాల్లో కాదు.

ఒక రాత్రి 118.4 మి.మీ. పడింది. లీటరు సీసా ఎప్పుడో నిండి పొర్లింది, పొర్లిన నీళ్లు పైపు అడుగున నిలిచాయి కాబట్టి లెక్క దక్కింది. పైపు అడుక్కి మూత బిగించని వాళ్లు ఈ రాత్రికి 55 దగ్గర ఆగిపోతారు. మూతకి సొల్యూషన్ రాసి బిగించండి, నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి కారుతుందేమో చూడండి.

చేను గేజి అక్టోబరు చివరికి 816.0 మి.మీ.

ప్రస్తుతం ఉన్న లోపాలు

- ఉప్పుగాలికి బేరింగు తుప్పు పట్టింది. కొత్తలో 4 కి.మీ. గాలికి తిరిగేది ఇప్పుడు 7 దాకా కదలడం లేదు. స్టెయిన్‌లెస్ బేరింగులు తెచ్చాను, 280. మొత్తం 4,450. మార్చాక కాలవ గట్టు పరీక్ష మళ్లీ చేయాలి, 1722 అంకె మారవచ్చు.
- పళ్లాల గూట్లో సాలీళ్లు, కందిరీగలు. సన్న దోమతెర చుడితే గాలి ఆగి మధ్యాహ్నం 0.4 పెరిగింది, తీసేశాను. ఇప్పటికి చీపురు పుల్లే.
- గరాటులో కొంగ రెట్టలు. అంచు చుట్టూ తీగముళ్లు నిలబెట్టాలి, ముళ్ల మీది చినుకులు లోపలికి జారకుండా బయటికి వంచి.
- సార్వా కోతలప్పుడు గట్టు మీద కుప్పలు వేస్తే గేజికి అడ్డం వస్తాయి. బాబాయితో మాట్లాడాను, ముప్పై అడుగులు వదుల్తానన్నాడు.